చిట్టి పాడి మళ్ళీ ఫ్యూచర్స్‌లో పెట్టాలనుకుంటున్నా. నష్టాల తర్వాత మీరు ఏ నియమాలు పెట్టుకున్నారు?

హంటర్‌రోడ్_07
అందరికీ నమస్తే. హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. క్రిప్టోలో మొత్తం 4,60,000 పెడితే ఇప్పుడు 1,20,000 మిగిలింది. స్పాట్‌లో, అంటే సొంత డబ్బుతో నేరుగా కాయిన్ కొన్నదాంట్లో, పోయింది తక్కువే. ఎక్కువ ఫ్యూచర్స్‌లో, అంటే కొంత మార్జిన్ (హామీ డబ్బు) కట్టి దానికి ఎన్నో రెట్ల పందెం వేసేదాంట్లో పోయింది. అందులోనూ పెద్ద దెబ్బ 2025 అక్టోబర్ 10 రాత్రిది. పొద్దున లేచి ఫోన్ చూస్తే పొజిషనే (తెరిచి ఉన్న ట్రేడే) లేదు, లిక్విడేట్ అయిందని, అంటే మార్జిన్ సరిపోక ఎక్స్చేంజే మూసేసిందని మెసేజ్ ఉంది.

వచ్చే నెల చిట్టి పాడితే చేతికి రెండున్నర లక్షల దాకా వస్తాయి. అవి కలిపి, లెవరేజ్ 10ఎక్స్ (పెట్టినదానికి పది రెట్లు) దాటకుండా, స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మెయ్ అని ముందే ఇచ్చే ఆర్డర్) తప్పకుండా పెట్టి ఏడాదిలో పాతది రాబట్టుకుని బయటపడాలని ప్లాన్. ఒక్కో ట్రేడ్‌లో ఎంత పెట్టాలి, రోజుకు ఎన్ని ట్రేడ్లు చేయాలి, ఇలాంటివి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. "మానెయ్" అనే సలహా నాకూ తెలుసు, అది కాకుండా ఇంకేదైనా చెప్పండి.

కేయూ_క్రాస్‌రోడ్
అన్నా టెన్షన్ తీసుకోకు. స్టాప్‌లాస్ పెడితే సరిగ్గా దాన్ని తాకి వెనక్కి పోతది, నాకు ఎన్నోసార్లు అయింది. డబ్లింగ్ బెస్ట్. 1,000తో మొదలుపెట్టు, పోతే 2,000, మళ్ళీ పోతే 4,000. ఒక్కసారి గెలిస్తే అన్నీ వాపస్.

లెక్కల_సారు
తమ్మీ, నీ లెక్కనే ఆయన 1,20,000 మీద వేసి చూద్దాం. 1,000, 2,000, 4,000, 8,000, 16,000, 32,000. ఆరు వరుసగా పోతే 63,000 పోయినట్టు. ఏడోసారి పెట్టాల్సింది 64,000. చేతిలో ఉన్నది 57,000. ఆట అక్కడే ఆగిపోయింది. ఒకవేళ ఏడోది పెట్టగలిగి గెలిచినా మొత్తం మీద మిగిలే లాభం 1,000 రూపాయలు. వెయ్యి కోసం 63,000 పోగొట్టుకోవడానికి సిద్ధపడటం అన్నమాట.

ఆరు వరుసగా ఎందుకు పోతాయి అంటావేమో. గెలుపు ఓటములు సగం సగం అనుకుంటే, ఒక చోట మొదలుపెట్టి ఆరూ పోయే అవకాశం 64లో ఒకటి. రోజుకు రెండు మూడు ట్రేడ్లు చేసేవాడు మూడు వందల ట్రేడ్లు ఎంత త్వరగా పూర్తి చేస్తాడో చూసుకో. అన్నిట్లో ఒక్కసారైనా అలాంటి వరుస రావడానికే అవకాశం ఎక్కువ, రాకపోవడానికి కాదు.

హంటర్‌రోడ్ గారూ, ఇప్పుడు మీ లెక్క. 4,60,000 నుంచి 1,20,000కు వచ్చారు. వెనక్కి పోవాలంటే ఉన్నదాని మీద 283 శాతం లాభం రావాలి. నెలకు 2 శాతం చొప్పున, ఒక్క నెల కూడా తప్పకుండా సంపాదించినా 68 నెలలు పడుతుంది. అది కూడా పన్ను తీయకముందు. ఏడాదిలో రావాలంటే నెలకు సుమారు 12 శాతం చొప్పున రావాలి. ఆ వేగం కోసం మీరు పెట్టాల్సిన రిస్కే మిమ్మల్ని మొదటిసారి ముంచింది. మార్కెట్‌కు మీరు ఎంత పోగొట్టుకున్నారో తెలియదు, "రికవరీ" అనే అంకె మీ మనసులో తప్ప ఏ చార్టులోనూ లేదు.

హంటర్‌రోడ్_07
సారు, అందుకే కదా చిట్టి డబ్బు కలుపుతానంటున్నా. 3,70,000 అయితే 4,60,000కు దూరం పెద్దగా ఉండదు.

లెక్కల_సారు
అప్పుడు మీరు చేరాల్సింది 4,60,000 కాదు, 7,10,000. చిట్టి డబ్బు కూడా మీ డబ్బే కదా, దాన్ని లెక్కలోంచి ఎట్లా తీసేస్తారు?

ఎనుమాముల_ఖరీదుదారు
నేను ట్రేడింగ్ చేయను, మా అబ్బాయి చేస్తాడు కాబట్టి ఇవన్నీ చదువుతుంటాను. మాది మిర్చి వ్యాపారం. ఒక్క మాట చెప్తాను.

ధర పడిన ఏడాది రైతు మిర్చి అమ్మడు, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అప్పు లేనివాడైతే బస్తాలు అట్లనే ఉంటాయి, కిరాయి కట్టుకుంటూ ఆరు నెలలో ఏడాదో చూస్తాడు. అదే బస్తాల మీద అప్పు తెచ్చినవాడి మీద కిరాయి ఒకవైపు, మిత్తి ఒకవైపు పెరుగుతుంటాయి. ధర ఇంకా పడితే అప్పిచ్చినవాడు ఊరుకోడు. ఆయన అమ్ముకునేది ఎప్పుడూ అందరూ అమ్మే రోజే. ధర తర్వాత పెరిగిందా లేదా అనేది వాడికి అక్కర్లేని ముచ్చట. మా అబ్బాయికి స్పాట్‌కు, లెవరేజ్‌కు తేడా నేను ఇట్లనే చెప్పాను.

మీరు చిట్టి పాడిన తర్వాత కూడా ప్రతి నెలా కిస్తీ కట్టాలి కదా? అది దేంతో కడతారు, జీతంతోనా, లాభంతోనా?

హంటర్‌రోడ్_07
జీతంతోనే. ఇంకా చాలా కిస్తీలు ఉన్నాయి.

ఎనుమాముల_ఖరీదుదారు
పాడటానికి ఎంత తగ్గించుకుంటారో ఆ మొత్తం పోయినట్టే, అది మొదటి రోజే మీ నష్టం. ట్రేడింగ్ దాని తర్వాత మొదలవుతుంది.

కాజీపేట_లోకో
నేను చేస్తాను, ఇంకా చేస్తూనే ఉన్నాను. కాబట్టి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్తా.

ఎంత పెట్టాలి అనే ప్రశ్న అడగొద్దు. ఎంత పోతే తట్టుకుంటాను అని అడగాలి. మీ దగ్గర 1,20,000 ఉంది. ఒక్క ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి ఒప్పుకునేది 1 శాతం అనుకోండి, అంటే 1,200. చార్టు చూసి, ఈ ధర కిందికి పోతే నా ఆలోచన తప్పు అనే చోటు గుర్తించాలి. అది కొన్న ధరకు 6 శాతం కింద ఉందనుకుందాం. 1,200ని 6 శాతంతో భాగిస్తే 20,000. పొజిషన్ సైజు అంతే. స్టాప్ 3 శాతం దూరంలో ఉంటే 40,000. స్టాప్ దూరం పెరిగితే సైజు తగ్గాలి. చాలామంది ముందే సైజు నిర్ణయించుకుని, తర్వాత ఆ సైజుకు భయపడి స్టాప్‌ను దగ్గరికి జరుపుతారు. అప్పుడు అది తాకక ఏమవుతుంది? కేయూ తమ్ముడికి జరిగేది అదే.

20,000 పొజిషన్‌కు లెవరేజ్ అవసరమే లేదు, చూశారా? మీ ఖాతాలో డబ్బు ఉంది. 1 శాతం రిస్క్ పాటించేవాడికి 10ఎక్స్ బటన్‌తో పెద్దగా పని పడదు.

ఫ్యూచర్సే కావాలనుకుంటే ఐసోలేటెడ్ మార్జిన్‌లో ఉండాలి, అంటే ఆ పొజిషన్‌కు కేటాయించిన డబ్బే రిస్క్‌లో ఉండాలి. క్రాస్ మార్జిన్‌లో ఒక చెడ్డ పొజిషన్ మొత్తం వాలెట్‌ను లాక్కుపోతుంది. స్టాప్ ఆర్డర్ కొన్న నిమిషంలోనే ఎక్స్చేంజ్‌లో ఉండాలి, మనసులో కాదు. చిన్న కాయిన్లలో స్టాప్ లిమిట్ (చెప్పిన ధర కంటే తక్కువకు అమ్మని ఆర్డర్) పెడితే ధర దాన్ని దాటేసి పోయి ఆర్డర్ అమలు కాకుండానే ఉండిపోవచ్చు. స్టాప్ మార్కెట్ అయితే అమ్ముడవుతుంది కానీ మీరు అనుకున్న ధర కంటే కింద. రెండింటిలో నేను రెండోది ఎంచుకుంటాను.

రోజుకు రెండు నష్టాలు వస్తే యాప్ మూసేస్తా. నెలలో ఖాతా 6 శాతం తగ్గితే ఆ నెల అయిపోయినట్టే, ఇంక ఏ సెటప్ కనిపించినా తర్వాతి నెలకే.

హంటర్‌రోడ్_07
1,200 రిస్క్ అంటే గెలిస్తే రెండు మూడు వేలు. అన్నా, దీనికోసం ఇంత కష్టపడాలా అనిపిస్తుంది.

కాజీపేట_లోకో
అట్లా అనిపిస్తే సైజు సరిగ్గా ఉన్నట్టు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
నేను సింగరేణిలో చేస్తా. ఇక్కడ ఎవరూ టైమ్ గురించి మాట్లాడలేదు. షేర్ మార్కెట్ మూడున్నరకు మూసుకుంటది, ఇది మూసుకోదు. మనం డ్యూటీ అయిపోయి తిని కూచునే టైమ్‌కు న్యూయార్క్ తెరుచుకుంటది, ఎండాకాలం ఏడు గంటలకు, చలికాలం ఎనిమిదికి. అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలు వచ్చేది సాయంత్రం ఆరు లేదా ఏడుకు. ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ నిర్ణయం రాత్రి పదకొండున్నరకు, చలికాలం అయితే పన్నెండున్నరకు. మనం అలసిపోయి ఉన్న టైమే మార్కెట్ ఎక్కువ ఎగిరే టైమ్.

హంటర్‌రోడ్ అన్న చెప్పిన అక్టోబర్ 10 కూడా అంతే. చైనా మీద అదనంగా 100 శాతం టారిఫ్ వేస్తానని ట్రంప్ ప్రకటించేసరికి మన దగ్గర రాత్రి రెండు దాటింది, అంటే నిజానికి 11వ తేదీ తెల్లవారుజాము. 24 గంటల్లో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. క్రిప్టో చరిత్రలో డాలర్లలో చూస్తే అంత పెద్దది అంతకుముందు రాలేదు.

నేను బాయిలోకి దిగితే ఫోన్ తీసుకుపోనివ్వరు. అందుకని నాకు ఒకటే నియమం, దిగే ముందు లెవరేజ్ ఉన్న పొజిషన్ ఏదీ తెరిచి ఉండొద్దు. నిద్రకు కూడా అదే. దసరాకు లాభాల వాటా పడ్డప్పుడు మా దోస్తులు కొందరు నాకంటే బాగా సంపాదించారు, ఆ మాట ఒప్పుకోవాలి. వాళ్ళలో ఎంతమంది దగ్గర ఇప్పుడు ఆ పైసలు ఉన్నాయో అడగను.

కాజీపేట_లోకో
ఆ రాత్రి గురించి ఇంకొకటి. షార్ట్ (ధర పడుతుందనే పందెం) పెట్టి లాభంలో ఉన్నవాళ్ళ పొజిషన్లను కూడా కొన్ని ఎక్స్చేంజ్‌లు వాటంతట అవే మూసేశాయి. ఆటో డీలెవరేజింగ్ అంటారు. నష్టపోయినవాళ్ళ మార్జిన్, ఇన్సూరెన్స్ ఫండ్ సరిపోనప్పుడు గెలిచేవాడి పొజిషన్ మూసి లెక్క సరిచేస్తారు. హెడ్జ్ చేశాను, అంటే రెండువైపులా పెట్టాను, నాకేం కాదు అనుకున్నవాళ్ళకు ఒకవైపు షార్ట్ పోయి, పడుతున్న లాంగ్ (ధర పెరుగుతుందనే పందెం) ఒక్కటే మిగిలింది. ఫ్యూచర్స్ నిబంధనలలో ఇది రాసే ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ.

లాస్_రికవరీ_గురు
[ఈ సందేశాన్ని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు
పోయిన డబ్బు వారంలో రప్పిస్తామని టెలిగ్రామ్ లింక్ పెట్టారు. ఖాతాను నిలిపివేశాం. నష్టాల గురించి ఎవరైనా చర్చ మొదలుపెడితే గంటల్లో ఇలాంటివాళ్ళు వస్తారు, వ్యక్తిగత సందేశాలు కూడా పంపుతారు. ఎవరికైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

సీఏ_సుబేదారి
నియమాల గురించి మంచి చర్చ జరుగుతోంది కానీ అసలు నియమం పార్లమెంట్ చేసి పెట్టింది, దాన్ని ఎవరూ కదిలించట్లేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకపు లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2. కొన్న ఖర్చు తప్ప ఇంకేదీ తీసేయడానికి లేదు. ఒక దాంట్లో నష్టం వస్తే ఇంకో దాని లాభంలోంచి తీసుకోవడానికి లేదు. వచ్చే ఏడాదికి మోసుకెళ్ళడానికీ లేదు. అదే ఏడాది జులై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ వచ్చింది.

ఉదాహరణకు ఒకాయన స్పాట్‌లో ఏడాదిలో కొన్ని ట్రేడ్లలో 2,00,000 గెలిచి, మిగతా ట్రేడ్లలో 2,00,000 పోగొట్టుకున్నాడు. చేతిలో మిగిలింది సున్నా. కట్టాల్సిన పన్ను 62,400. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇది విని కుర్చీలోంచి లేచినవాళ్ళు ఉన్నారు.

కాజీపేట లోకో గారి పద్ధతికి ఇది ఎట్లా తగులుతుందో చూడండి. గెలిస్తే వచ్చేది, ఓడితే పోయేది సమానం అనుకుంటే పన్ను లేని చోట 50 శాతం గెలిస్తే లాభం, నష్టం సరి. ఇక్కడ గెలిచిన దాంట్లో 68.8 శాతమే మీది, ఓడినది మాత్రం మొత్తం మీదే. కాబట్టి 59 శాతం పైన గెలిస్తే గానీ సున్నా దగ్గర నిలబడరు. ఓడితే పోయేదానికి రెట్టింపు గెలిచేలా పెట్టుకున్నా 33కు బదులు 42 శాతం కావాలి. ఎక్స్చేంజ్ రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే.

లెక్కల_సారు
ఆ 59 ఎట్లా వచ్చిందని నేను కూడా వేసి చూశాను, సరిగ్గానే ఉంది. 1ని 1.688తో భాగించడమే. ట్రేడ్లు ఎక్కువ చేసేకొద్దీ ఈ తేడా పేరుకుపోతుంది. ఒకే కాయిన్‌ను ఏళ్ళ తరబడి ఉంచుకుని ఒకసారి అమ్మేవాడికి 31.2 ఒక్కసారే తగులుతుంది. రోజూ అమ్మేవాడి నష్టాలు మాత్రం ప్రతిసారీ లెక్కలోకి రాకుండా పోతాయి. హంటర్‌రోడ్ గారు రోజుకు ఎన్ని ట్రేడ్లు అని అడిగారు కదా, జవాబు ఇందులోనే ఉంది.

కేయూ_క్రాస్‌రోడ్
ఫ్యూచర్స్‌లో టీడీఎస్ పట్టట్లేదు సీఏ గారూ. అందుకే అందరం అటు పోతున్నాం.

సీఏ_సుబేదారి
టీడీఎస్ పట్టకపోతే పన్ను లేదని కాదు తమ్ముడూ. ఫ్యూచర్స్ లాభాన్ని ఏ పద్దు కింద చూపించాలనేది కాంట్రాక్టు ఎట్లా తయారైంది, దేంట్లో సెటిల్ అవుతుంది అన్నదాన్ని బట్టి చూడాలి. మీ స్టేట్‌మెంట్ పట్టుకుని ఎవరినైనా కలవండి. యూట్యూబ్ వీడియో చూసి మాత్రం వదిలెయ్యకండి.

కాజీపేట_లోకో
టీడీఎస్ లేదని అటు పోయేవాళ్ళు రుసుము లెక్క వేసుకోరు. 10,000 మార్జిన్‌తో 20ఎక్స్ అంటే పొజిషన్ 2,00,000. రుసుము ఒక్కోవైపు 0.05 శాతం అనుకుంటే కొనడానికి 100, అమ్మడానికి 100, జీఎస్టీతో 236. అది 2,00,000 మీద చిన్నది, మీరు పెట్టిన 10,000 మీద 2.36 శాతం. ధర కదలకపోయినా పోయింది. ఎనిమిది గంటలకోసారి ఫండింగ్ (లాంగ్, షార్ట్ వాళ్ళు ఒకరికొకరు కట్టుకునేది) 0.01 శాతం మీరే కట్టాల్సి వస్తే, 20ఎక్స్‌లో అది మీ మార్జిన్ మీద రోజుకు 0.6 శాతం. 20ఎక్స్‌లో ధర 5 శాతం ఎదురు తిరగకముందే లిక్విడేషన్. బిట్‌కాయిన్‌కు 5 శాతం అనేది ఒక మామూలు చెడ్డ రోజు.

నక్కలగుట్ట_గృహిణి
నేను ట్రేడర్‌ని కాదు, మా ఆయన చేసేవారు. హంటర్‌రోడ్ తమ్ముడూ, 4,60,000 సంగతి ఇంట్లో మొత్తం తెలుసా, సగం తెలుసా?

హంటర్‌రోడ్_07
సగం తెలుసు అక్కా. లక్షన్నర అని చెప్పాను.

నక్కలగుట్ట_గృహిణి
అదే అనుకున్నా. చిట్టి ఎవరి పేరు మీద ఉంది?

హంటర్‌రోడ్_07
ఆమె పేరు మీద.

నక్కలగుట్ట_గృహిణి
అయితే సంతకం ఆమే పెట్టాలి. ముందు లెక్క చెప్పి తర్వాత సంతకం అడుగు.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తా, పనికొస్తే వాడుకో. ట్రేడింగ్‌కు వేరే బ్యాంకు ఖాతా తెరిచారు, జీతం పడే ఖాతా నుంచి దానికి నెలలో ఒక్కసారే, ముందే అనుకున్నంత. జీతం ఖాతా యూపీఐ పరిమితి బ్యాంకు యాప్‌లో తగ్గించాం. రాత్రి పది తర్వాత ఆయన ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంటది. మొదట్లో గొడవలయ్యాయి, నన్ను పోలీసునా అన్నారు. నెల తిరిగేసరికి అలవాటైంది. ఆయన ఇంకా కొంచెం చేస్తారు, నేను అడ్డు చెప్పను.

ఇంకొకటి, నిద్ర పట్టకపోవడం, ఎవరితో మాట్లాడబుద్ధి కాకపోవడం ఉంటే దాచుకోకు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ. మా ఆయన చేశారు.

హంటర్‌రోడ్_07
నిద్ర సంగతి మీకెట్లా తెలిసింది అక్కా. చేస్తాను.

దోహా_జగిత్యాల
ఖతార్ నుంచి. నష్టం వచ్చాక తొందరలో చేసే ఇంకో పని గురించి చెప్తా, ఎవరూ ఎత్తలేదు. ఎక్స్చేంజ్‌లో టీడీఎస్ పోతుందని, రేటు రెండు రూపాయలు ఎక్కువ వస్తుందని పీటూపీలో, అంటే మనిషికి మనిషి నేరుగా, ముక్కు ముఖం తెలియనివాళ్ళకు యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన కాయిన్) అమ్ముతారు. నేనూ అమ్మాను. నాకు డబ్బు పంపినవాడిది ఎవరినో మోసం చేసిన డబ్బు. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నోటీసుతో ఊళ్ళో నా ఖాతా బ్యాంకు వాళ్ళు ఆపేశారు. ఇంటికి పంపే పైసలు అందులోనే. నేను ఇక్కడ, ఖాతా అక్కడ, కేసు ఇంకో చోట. మా తమ్ముడు కాగితాలు పట్టుకుని నెలల తరబడి తిరిగాడు. పైగా పీటూపీ అయినా టీడీఎస్ బాధ్యత పోదంట, అది తర్వాత తెలిసింది.

సీఏ_సుబేదారి
అవును, పోదు. కొనేవాడు పట్టి కట్టాలి.

కేయూ_క్రాస్‌రోడ్
అందరూ భయపెట్టడమే. బిట్‌కాయిన్ పట్టుకుని కూచున్నవాడు ఎవడైనా నష్టపోయాడా? యావరేజ్ చేస్తూ, అంటే ధర పడ్డప్పుడల్లా ఇంకా కొంటూ పోతే చివరికి అన్నీ పైకొస్తాయి.

లెక్కల_సారు
"అన్నీ" దగ్గర ఆగు. 2021 నవంబర్‌లో 69,000 డాలర్ల దగ్గర బిట్‌కాయిన్ కొన్నవాడు ఏడాదికి 16,000 కింద చూశాడు, 2024 మార్చి దాకా ఆగితే అసలు వచ్చింది. రెండేళ్ళ పైన. అప్పు లేకుండా స్పాట్‌లో ఉన్నవాడు ఆగగలిగాడు. లెవరేజ్‌లో ఉన్నవాడు ఆగడానికి ఖాతాయే మిగల్లేదు. ఇక లూనా అనే కాయిన్ సంగతి. 2022 మే మొదట్లో 80 డాలర్ల దగ్గర ఉన్నది, రెండు వారాలు తిరగకముందే సెంటులో చిన్న ముక్కకు పడిపోయింది. 40 దగ్గర, 20 దగ్గర, 5 దగ్గర యావరేజ్ చేసినవాళ్ళున్నారు.

ఇంకో మాట. 2024 సెప్టెంబర్‌లో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ఇచ్చిన లెక్క ప్రకారం మూడేళ్ళలో షేర్ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన చిన్న ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లు. అది క్రిప్టో లెక్క కాదు, షేర్ల లెక్క. అక్కడ మార్కెట్ రాత్రి మూసుకుంటుంది, సెబీ చూస్తుంది, నష్టాన్ని పన్నులో చూపించుకోవచ్చు. ఇవేవీ లేని చోట పరిస్థితి అంతకంటే బాగుంటుందని నాకు నమ్మకం లేదు.

కాజీపేట_లోకో
సారుతో ఇక్కడ పూర్తిగా ఏకీభవించను, కానీ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. నేను పైన రాసిన నియమాలు పాటిస్తే లాభం వస్తుందని కాదు. ఏ పద్ధతీ లేకుండా 1 శాతం రిస్క్‌తో ఆడేవాడు కూడా నష్టపోతాడు, నెమ్మదిగా పోతాడు అంతే. పది వరుసగా ఓడితే ట్రేడ్‌కు 2 శాతం పెట్టినవాడి ఖాతాలో 82 శాతం మిగులుతుంది, 10 శాతం పెట్టినవాడికి 35. మొదటివాడికి ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. క్రమశిక్షణ ఇచ్చేది అదొక్కటే. మీ పద్ధతి గెలుస్తుందా లేదా అనేది వేరే పరీక్ష, దానికి రాసుకున్న రికార్డు కావాలి. హంటర్‌రోడ్ తమ్ముడూ, పాత ట్రేడ్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించి చూశావా? ఏ గంటలో పోయాయి, ఏ కాయిన్‌లో, నష్టం వచ్చిన తర్వాత ఎంతసేపటికి తర్వాతి ట్రేడ్ తీశావు?

హంటర్‌రోడ్_07
లేదు అన్నా. చూడబుద్ధి కాలేదు. ఈ ఆదివారం చూస్తా.

దోహా_జగిత్యాల
షీట్ సంగతి సరే, మిగిలిన 1,20,000 ఎక్కడ ఉంది? 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్చేంజ్ వాలెట్‌లోంచి హ్యాకింగ్‌లో 23 కోట్ల డాలర్ల దాకా పోయినప్పుడు, మామూలు ఖాతాదారుల క్రిప్టో విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా ఆగిపోయాయి. స్టాప్‌లాస్ అన్నీ సరిగ్గా పెట్టినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ట్రేడ్ చేయని డబ్బు ఎక్స్చేంజ్‌లో ఎందుకు? బ్యాంకులోకి తెచ్చుకో. కనీసం ఆ ఎక్స్చేంజ్ ఎఫ్ఐయూ (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) దగ్గర నమోదైందో లేదో చూసుకో.

హంటర్‌రోడ్_07
వారం తర్వాత రాస్తున్నా. ఇంట్లో మొత్తం చెప్పాను. చిట్టి ఇప్పుడు పాడట్లేదు, ఆమె ఒప్పుకోలేదు. నిజానికి నేనూ గట్టిగా అడగలేదు.

షీట్ వేశాను. లోకో అన్న అడిగినవే చూశా. స్పాట్ ట్రేడ్లు కలిపితే కొద్దిపాటి నష్టం, పెద్దగా ఏం లేదు. ఫ్యూచర్స్‌లో పోయినదాంట్లో ఎక్కువ భాగం రాత్రి పదకొండు దాటాక తీసినవి. ఒక నష్టం తర్వాత పది నిమిషాల లోపే తీసినవి దాదాపు అన్నీ పోయాయి, సైజు కూడా ముందుదాని కంటే పెద్దది.

90,000 బ్యాంకులోకి తెచ్చుకున్నా. 30,000 స్పాట్‌లో ఉంచాను, ఒక్కో ట్రేడ్‌కు 300 రిస్క్. సారుకు ఇది కూడా నచ్చదని తెలుసు.

లెక్కల_సారు
నచ్చలేదు. కానీ 300 పోతే మీ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు, ఆ మాట ఒప్పుకుంటా.

కేయూ_క్రాస్‌రోడ్
ఆ షీట్ ఫార్మాట్ పెట్టరా అన్నా. ఊరికే చూద్దామని.

హంటర్‌రోడ్_07
రేపు పెడతా తమ్మీ. సీఏ గారూ, మీకొక ప్రశ్న. షీట్ వేస్తుంటే బయటపడింది, రెండేళ్ళ కింద స్పాట్‌లో కొన్ని అమ్మకాల్లో లాభం ఉంది, రిటర్న్‌లో అసలు చూపించలేదు. మొత్తం మీద నష్టమే కదా అనుకున్నా. ఇప్పుడు ఏం చేయాలి?

సీఏ_సుబేదారి
మొత్తం మీద నష్టమైనా లాభం వచ్చిన అమ్మకాలకు పన్ను ఉంటుంది, పైన చెప్పినట్టే. అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు. 2025 బడ్జెట్‌లో గడువును అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక 48 నెలలకు పెంచారు. ఆలస్యం పెరిగేకొద్దీ అదనపు భారం పెరుగుతుంది. మొదటి 12 నెలల్లో వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం, 24 నెలల లోపు అయితే 50, ఆ తర్వాత 60, 70. రీఫండ్ కోసం మాత్రం ఇది పనికిరాదు. శాఖ నుంచి ముందే నోటీసు వచ్చి ఉంటే పరిస్థితి మారుతుంది, కాబట్టి ముందు పోర్టల్‌లో మీ ఖాతా తెరిచి చూడండి.

ఎక్స్చేంజ్ నుంచి ట్రేడ్ హిస్టరీ ఏడాదివారీగా డౌన్‌లోడ్ చేసుకోండి, 26ఏఎస్ (మీ పేరు మీద పట్టిన టీడీఎస్ చూపే పత్రం) కూడా. రిటర్న్‌లోని వర్చువల్ ఆస్తుల (క్రిప్టో) షెడ్యూల్‌లో కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ఖర్చు, వచ్చిన మొత్తం ఒక్కో అమ్మకానికి విడిగా రాయాలి. ఫైల్‌లో తేదీలు మన టైమ్‌లో ఉన్నాయా, యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైమ్) ఉన్నాయా చూసుకోండి. మార్చి 31 అర్ధరాత్రి దాటాక చేసిన ట్రేడ్లు యూటీసీలో పాత ఏడాది కింద కనిపిస్తాయి.

హంటర్‌రోడ్_07
యూటీసీలోనే ఉన్నాయి సార్. ఐదున్నర గంటలు కలిపి మళ్ళీ వేస్తా.